తమ్ముడు బండలెక్కుతున్నాడు, అమ్మకు ఏం చెప్పాలి?

హన్మకొండ_అక్క · ఆదివారం రాత్రి 10:42

అందరికీ నమస్తే. ఈ ఫోరంలో ఇన్నాళ్లూ చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి.

మా తమ్ముడికి 20 ఏళ్లు, బీటెక్ మూడో సంవత్సరం. పోయిన చలికాలంలో ఫ్రెండ్స్‌తో రేగొండ దగ్గర పాండవుల గుట్టకు రాక్ క్లైంబింగ్ క్యాంపుకని వెళ్లొచ్చాడు. అప్పటి నుంచి ఇంట్లో వేరే ముచ్చట లేదు. ఆదివారం వచ్చిందంటే పొద్దున ఐదింటికే బండి తీసుకుని మాయం. దండెం మీద నా చున్నీల పక్కన తాడు ఆరేసి ఉంటుంది.

మొన్న అన్నం తినేటప్పుడు చెంచా అడిగాడు. మా ఇంట్లో చెంచాతో అన్నం తినేవాళ్లు లేరు. ఏందిరా అని చెయ్యి పట్టుకుని చూస్తే వేళ్ల కొసలన్నీ తోలు లేచిపోయి ఎర్రగా ఉన్నాయి. పచ్చిపులుసు తగిలితే మంట అట. అమ్మ అడిగితే బైక్ చైన్ ఊడితే వేశానని చెప్పాడు.

ఇప్పుడేమో హిమాలయాల్లో 28 రోజుల బేసిక్ కోర్సు చేస్తానంటున్నాడు. నాన్న లేరు, ఇంట్లో మేం ముగ్గురమే. అమ్మకు ఆ మాట చెప్పే పని నా మీద పెట్టాడు. నిజంగా ఎంత ప్రమాదం? దయచేసి "వాడి కలను ఆపొద్దు" లాంటి మాటలు రాయకండి, అవి వాట్సాప్‌లో రోజూ వస్తున్నాయి.

కాజీపేట_జంక్షన్ · 10:58

బతికుంటే బలుసాకు తినొచ్చు అన్నారు పెద్దలు. పంపకు చెల్లీ. గుట్ట మీద దేవుడుంటే మెట్లుంటాయి. మెట్లు లేని గుట్ట ఎక్కమని ఏ దేవుడూ అడగలేదు.

బండ_మీద_బల్లి · 11:31

కాజీపేట అన్నా, నువ్వు రాస్తావని తెలుసు కాబట్టే టీ పెట్టుకుని కూర్చున్నా.

అక్కా, నేను 11 ఏళ్లుగా ఎక్కుతున్నా. భువనగిరిలో మొదలుపెట్టా. ఆ కోట ఉన్నది ఒకే బండ, సుమారు 500 అడుగులు. మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ శిక్షణ మొదలైంది కూడా అక్కడే. పూర్ణది నిజామాబాద్ జిల్లా పాకాల, ఆనంద్‌ది ఖమ్మం జిల్లా. 2014 మే 25న ఎవరెస్ట్ మీద నిలబడినప్పుడు పూర్ణకు 13 ఏళ్ల 11 నెలలు. ఇది అందరికీ తెలిసిన కథే. ఎక్కువమంది మర్చిపోయేది ఏంటంటే, అదే సీజన్‌లో ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు విరిగిపడి 16 మంది నేపాలీ పనివాళ్లు చనిపోయారు. వీళ్లు ఎక్కింది టిబెట్ వైపు నుంచి. నేపాల్ వైపు 16 ఏళ్లు నిండనిదే పర్మిట్ ఇవ్వరు. ఒకే కొండ, ఒకే సీజన్, నెల రోజుల తేడాలో రెండు వార్తలు. కాబట్టి ప్రమాదం లేదని నేను చెప్పను.

వేళ్ల తోలు సంగతి చెప్తా. మన వైపు బండ గ్రానైట్. దూరం నుంచి నున్నగా కనిపిస్తుంది, దగ్గరికి పోతే గరుకు, ఉప్పు రాళ్లు అతికించినట్టు ఉంటుంది. పట్టుకోవడానికి ఏమీ ఉండదు. అరచెయ్యి బండకు ఆనించి, షూ ముందు భాగం వంచి రబ్బరు మొత్తం రాయికి ఆనేలా నిలబడాలి. భయపడి ఒళ్లు దగ్గరికి లాక్కుని బండను హత్తుకున్నావంటే కాలు జారుతుంది. నడుం బయటికి పెట్టి బరువంతా కాళ్ల మీద వేస్తేనే నిలుస్తావు. శరీరం ఒకటి చెప్తుంది, బండ ఇంకోటి చెప్తుంది. ఆ పది సెకన్లు బ్యాక్‌లాగులు, ఇంటర్వ్యూలు, ఎవరి పెళ్లికి ఎవరు పిలవలేదు, ఏదీ గుర్తుండదు. మీ తమ్ముడు ఐదింటికి లేచి పోయేది దానికోసం.

ఇక తాడు. కింద ఒకడు తాడు పట్టుకుని ఉంటాడు, దాన్ని బిలే అంటాం. పై నుంచి తాడు వేసి ఎక్కితే జారినా అడుగో, రెండడుగులో కిందికి వచ్చి ఆగిపోతావు. ప్రమాదం ఎక్కువగా బండ వల్ల రాదు. హార్నెస్ (నడుముకు, తొడలకు కట్టుకునే బెల్టు) బకిల్ సరిగ్గా వేసుకోకపోవడం, ముడి సగం వేసి మాటల్లో పడటం, బిలే పట్టినోడు ఫోన్ చూసుకోవడం... ఇవే. మీ తమ్ముడు ఎవరి చేతిలో తాడు పెట్టి ఎక్కుతున్నాడో అది అడగండి. ఎంత ఎత్తు అనేది తర్వాత.

మోకు_మనవడు · 11:54

బల్లి అన్నా బాగా రాశావు. నాకు మాత్రం చదివితే కొంచెం నవ్వు, కొంచెం మంట.

మాది కల్లు గీత పని చేసే ఇల్లు, నర్సంపేట వైపు. మా తాత ఎక్కాడు, మా బాపు ఎక్కాడు. 50 అడుగుల తాడిచెట్టు, పొద్దున, సాయంత్రం, రోజుకు పది పదిహేను చెట్లు. నడుముకు మోకు తాడు, కాళ్లకు గుజి బంధం, వెనక కల్లు లొట్టి. హెల్మెట్ లేదు, బిలే లేదు. ఫోటో తీసేవాడు అసలే లేడు. అదే పని మీరు ఆదివారం పైసలు కట్టి చేస్తే అడ్వెంచర్ అంటారు.

బాపు 22 ఏళ్లు ఎక్కి ఒకే ఒక్కసారి పడ్డాడు. వానాకాలం, చెట్టు నాని ఉంది. ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. ఇంకో రెండు నిలువులు దిగితే నేల. పని అయిపోయింది, ఇంటికి పోయి అన్నం తినాలి అనే ధ్యాసలో ఉన్నా అంటాడు. నడుం పూస దెబ్బతింది. ఇప్పుడు నడుస్తాడు, చెట్టెక్కడు.

బండ_మీద_బల్లి · సోమవారం ఉదయం 6:10

తమ్మీ, నువ్వన్నదాంట్లో కాదనడానికి ఏమీ లేదు. మాకు ఇష్టం లేకపోతే ఇంటికి పోతాం, బాపుకు ఆ అవకాశం లేదు. ఒకటి అడగొచ్చా? బాపు మోకును ఎట్లా చూసుకునేవాడు?

మోకు_మనవడు · 8:25

రోజూ పొద్దున ముఖం కడగక ముందే. మొత్తం పొడవునా రెండు వేళ్ల మధ్య జార్చుకుంటూ పోతాడు, కళ్లు మూసుకుని. ఎక్కడ మెత్తబడినా, పురి వదులైనా వేలికి తెలుస్తుంది. ఇంట్లో ఎవరినీ దాటనిచ్చేవాడు కాదు, కాలు తగిలితే తిట్లు. చిన్నప్పుడు మాకది మూఢనమ్మకం అనిపించేది.

2024లో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచం పేరుతో కిట్లు ఇవ్వడం మొదలుపెట్టింది కదా, బెల్టు, తాడు, క్లిప్పులు. మా చిన్నాన్నకు వచ్చింది. బాపు ఆ క్లిప్పును చేతిలో పట్టుకుని టక్ టక్‌మని నూరుసార్లు తెరిచి మూసి, "ఇది నేను పడకముందు రావాల్సింది" అని పక్కన పెట్టాడు. అంతే, ఇంకేం అనలేదు.

బండ_మీద_బల్లి · 8:40

రెండు వేళ్ల మధ్య జార్చి చూడటం... మాకు ట్రైనింగ్‌లో నేర్పించే మొదటి పని అక్షరాలా అదే.

ఫస్ట్_ఇయర్_హీరో · 9:15

అలెక్స్ హోనాల్డ్ 2017లో అమెరికాలోని ఎల్ కాపిటాన్ బండను తాడు లేకుండా 4 గంటల లోపే ఎక్కేశాడు బ్రోస్. తాడు అంటే భయపడేవాళ్లకు. నేను పద్మాక్షి గుట్ట వెనక వైపు నుంచి చెప్పులతో ఎక్కాను 😎

బండ_మీద_బల్లి · 9:22

హీరో, ఆయన ఆ దారిని ఏడాదికి పైగా తాడుతో మళ్లీ మళ్లీ ఎక్కి, ప్రతి పట్టూ కంఠస్థం చేసి, అప్పుడు తాడు వదిలాడు. నువ్వు నీ చెప్పులను ఎన్నిసార్లు ప్రాక్టీస్ చేయించావు?

పైగా పద్మాక్షి గుట్ట మీద జైన శిల్పాలున్నాయి. వెయ్యేళ్ల నాటి చెక్కడాల మీద నీ హవాయి చెప్పు గుర్తులు మాకొద్దు. పాండవుల గుట్టలో కూడా అంతే, అక్కడ ఆదిమానవులు గీసిన బొమ్మలున్నాయి. చేతికి సుద్ద రాసుకుని ఆ గోడల మీద వాలేవాళ్లను చూస్తే నాకు బీపీ వస్తుంది.

కాజీపేట_జంక్షన్ · 9:30

చెప్పులను ప్రాక్టీస్ చేయించడం 😂😂

భువనగిరి_ప్యాసింజర్ · మధ్యాహ్నం 1:05

నాది నాలుగేళ్ల కిందటి ముచ్చట. ఒక క్యాంపుకు వెళ్లా. 60 మందిమి, నేర్పించేవాళ్లు ముగ్గురు. బండ మీద నుంచి తాడు పట్టుకుని దిగడం, రాపెలింగ్. లైన్‌లో నిలబెట్టి గబగబా దింపుతున్నారు, లంచ్ టైం అవుతోందని. తాడును మధ్యకు మడిచి యాంకర్‌లో, అంటే పైన తాడును ఆపే ఆధారంలో, వేశారు గానీ రెండు కొసలూ సమానంగా లేవు. ఒకటి నేల వరకు ఉంది, ఇంకోటి పైనే ఆగిపోయింది. కొసకు ముడి వేసి ఉంటే నేను అక్కడ ఆగిపోయేవాణ్ని. ముడి లేదు.

పది, పన్నెండు అడుగుల నుంచి పడ్డా. మడమ ఎముక మూడు ముక్కలు. నొప్పి కన్నా ముందు గుర్తున్నది, తాడు కొస చేతిలోంచి పాము తోకలా జారిపోయిన ఆ ఒక్క క్షణం. ఇప్పటికీ బస్సు మెట్లు దిగేటప్పుడు కింద మెట్టు ఉందో లేదో చూసుకుని దిగుతా.

హన్మకొండ_అక్క · 1:40

అయ్యో అన్నా. ఎవరు నడిపిన క్యాంపు అది? మా వాడు వెళ్లినదే కాదు కదా?

అడ్మిన్ · 1:52

సంస్థల పేర్లు వద్దు, మెసేజ్‌లో మాట్లాడుకోండి. థ్రెడ్ బాగా నడుస్తోంది, మూయించకండి.

భువనగిరి_ప్యాసింజర్ · 2:10

మెసేజ్ పెట్టా చెల్లీ, మీ వాడిది అది కాదు. ఒక్క మాట మాత్రం ఇక్కడే రాస్తా. దిగే ముందు నేను "తాడు నేలకు అందిందా" అని అడగాలి. అడగలేదు. వెనక 20 మంది చూస్తున్నారు, పిరికివాడు అనుకుంటారని సిగ్గు. ఆ సిగ్గుకు రెండు ప్లేట్లు, ఏడు స్క్రూలు.

వాగు_దాటనోడు · సాయంత్రం 6:33

మీరంతా తాళ్ల గురించి మాట్లాడుతున్నారు. మన ములుగు అడవుల్లో మనుషులను తీసుకుపోయేది నీళ్లు.

2023 జులై 26 గుర్తుందా? వెంకటాపురం మండలం ముత్యాలధార జలపాతానికి పోయిన వాళ్లు వాగు పొంగి అడవిలో ఇరుక్కుపోయారు. దాదాపు 80 మంది, ఎక్కువగా మన వరంగల్, కరీంనగర్ వైపు నుంచే. ఎన్డీఆర్ఎఫ్ వాళ్లు రాత్రంతా తిప్పలు పడి బయటికి తెచ్చారు. మరుసటి పొద్దుకు ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్ల వాన. తెలంగాణలో అది రికార్డు.

దానికి ముందు ఏడాది మేం నలుగురం అటు వైపే ఇంకో జలపాతానికి పోయాం. పోయేటప్పుడు వాగు మడమల దాకా. షూ విప్పి, సెల్ఫీలు దిగి, దాటాం. మాకు ఒక్క చుక్క వాన పడలేదు. ఎండ కూడా వచ్చింది. సాయంత్రం తిరిగొస్తే అదే వాగు, రంగు మారి ఎర్రగా, మధ్యలో ఒక చెట్టు మొద్దు తిరుగుతూ పోతోంది. వాన పడింది ఎగువన, ఛత్తీస్‌గఢ్ గుట్టల్లో. మా వాడొకడు చేతులు పట్టుకుని గొలుసుగా దాటుదాం అన్నాడు. పశువులు కాసే ఒక పెద్దాయన అవతలి ఒడ్డు నుంచి అరిచాడు, కూర్చోండ్రా, నా బర్రె కూడా దాటట్లేదు అని. కూర్చున్నాం. రాత్రంతా. జలగలు, దోమలు, ఒకే బిస్కెట్ ప్యాకెట్. పొద్దున ఏడుకు నీళ్లు తగ్గాయి, మళ్లీ మడమల దాకా.

అందుకే ఈ పేరు పెట్టుకున్నా.

రాత్రి_డ్యూటీ_డాక్టర్ · రాత్రి 11:48

అక్కా, హిమాలయాల కోర్సు గురించి అడిగారు కాబట్టి. మీ తమ్ముడికి చిన్నప్పుడు ఆయాసం గానీ, గుండె సమస్య గానీ ఉన్నాయా?

2,500 మీటర్లు దాటాక తలనొప్పి, వికారం, నిద్ర పట్టకపోవడం చాలామందికి వస్తాయి. అది ఎత్తు వల్ల వచ్చే జబ్బు. అక్కడే ఆగితే ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. దాన్ని దాచిపెట్టి పైకి పోతే ఊపిరితిత్తుల్లో నీరు చేరొచ్చు, లేదా మెదడు వాయొచ్చు. అడుగులు తడబడటం, కూర్చున్నా ఆయాసం, నురగ దగ్గు కనిపిస్తే ఇక ఆలోచించొద్దు, అర్ధరాత్రైనా కిందికి దించాలి. మందు, ఆక్సిజన్ అన్నీ దించే లోపు సాయానికే.

జనం పొరపడేది ఎక్కడంటే, జిమ్ చేసే కుర్రాళ్లకు ఇది రాదనుకుంటారు. ఎత్తు జబ్బుకు కండలతో పని లేదు. ఇంకా చెప్పాలంటే ఫిట్‌గా ఉన్నవాడు వేగంగా ఎక్కేస్తే, వాడికే ముందు రావచ్చు. 3,000 మీటర్ల పైన, రాత్రి పడుకునే చోటు రోజుకు 500 మీటర్ల కన్నా ఎక్కువ పెరగకూడదు, మూడు నాలుగు రోజులకో రోజు విశ్రాంతి. ఎత్తు జబ్బుకు వాడే డయామాక్స్ గోలీ ఫ్రెండ్ ఇచ్చాడని వేసుకోవద్దు, డాక్టర్‌ను అడిగే వేసుకోవాలి, సల్ఫా మందులు పడనివాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి.

హన్మకొండ_అక్క · మంగళవారం ఉదయం 7:20

ఆరో తరగతి దాకా చలికాలంలో పిల్లికూతలు వచ్చేవి డాక్టర్ గారూ. తర్వాత లేవు. అప్లికేషన్‌లో ఆ గడి వాడు "లేదు" అని టిక్ పెట్టాడు. నిన్న రాత్రే చూశాను.

రాత్రి_డ్యూటీ_డాక్టర్ · 7:31

ఆ టిక్ తీయించండి. ఊపిరి పరీక్ష చేయించి, రిపోర్ట్‌తో నిజం రాస్తే చాలాసార్లు పంపుతారు. దాచి పోతే అక్కడ డాక్టర్‌కు కూడా దారి తెలియదు.

కాజీపేట_జంక్షన్ · 10:05

కోర్సు అంటే భద్రం అనుకుంటున్నారు అందరూ. 2022 అక్టోబర్ 4 మర్చిపోయారా? ఉత్తరాఖండ్‌లో ద్రౌపదీ కా డాండా శిఖరం మీద మంచు చరియ విరిగిపడి పోయింది అడ్వాన్స్ కోర్సు పిల్లలే కదా. 1965 నుంచి నేర్పిస్తున్న ఉత్తరకాశీ సంస్థ వాళ్లు. పాతిక మందికి పైగా పోయారు. నేర్పించే సవితా కన్స్వాల్ కూడా పోయింది. అదే ఏడాది మేలో 16 రోజుల తేడాతో ఎవరెస్ట్, మకాలు రెండూ ఎక్కిన అమ్మాయి. తాడు ఉంది, ముడి ఉంది, గురువు ఉంది. ఏమైంది?

మన మల్లి మస్తాన్ బాబు? నెల్లూరు జిల్లా బిడ్డ. 2006లో 172 రోజుల్లో ఏడు ఖండాల్లోని ఎత్తైన శిఖరాలు ఎక్కినవాడు. 2015లో ఆండీస్‌లో ఒంటరిగా పోయి తిరిగి రాలేదు. ఆయనకు తెలియనిదా? బల్లీ, సమాధానం చెప్పు.

బండ_మీద_బల్లి · 10:50

చెప్పలేను అన్నా.

బండ మీద నేను చేసే తప్పులను తగ్గించుకోగలను. మంచు చరియ అట్లా కాదు, ఎంత చదివినా కొంత మిగులుతుంది. కొందరు వాతావరణం చూసి వెనక్కి తిరుగుతారు, కొందరికి తిరిగే టైం దొరకదు. మస్తాన్ బాబు వార్త వచ్చిన రోజు మేం భువనగిరిలో ఉన్నాం. ఎవరూ ఎక్కలేదు ఆ రోజు. తాళ్లు చుట్టుకుని టీ తాగి రైలెక్కాం. రెండు వారాలకు మళ్లీ పోయాం. ఎందుకు పోయాం అంటే నా దగ్గర మంచి జవాబు లేదు.

అక్కా, ఇది మీకు పనికొచ్చే మాట కాదని తెలుసు.

హన్మకొండ_అక్క · 11:15

పనికొచ్చింది అన్నా. ఇప్పటిదాకా ఒక్కరు కూడా "తెలియదు" అనలేదు నాతో.

గుడ్డలగుట్ట · మధ్యాహ్నం 12:40

తేనెటీగల గురించి ఎవరూ చెప్పలేదు! మన గుట్టల్లో వంగిన బండల కింద మూరెడు పెరలు వేలాడుతుంటాయి. కింద ఉంటే పరిగెత్తొచ్చు. తాడుకు వేలాడుతూ ఉంటే ఎక్కడికి పోతావు? సెంటు కొట్టుకోవడం, పొగ పెట్టడం, రాయి విసరడం చేసేవాడిని టీంలోనే పెట్టుకోవద్దు. ఎక్కే ముందు బైనాక్యులర్‌తో బండ మొత్తం చూడాలి. ఎండాకాలం అయితే అసలే వద్దు, పదింటికే బండ మీద చెయ్యి పెట్టలేం.

పిల్లికూతలు_తగ్గినోడు · బుధవారం రాత్రి 9:02

నమస్తే. నేనే ఆ తమ్ముణ్ని. ఫ్రెండ్ లింక్ పంపాడు, "ఇది మీ ఇల్లే కదరా" అని. పచ్చిపులుసు దగ్గరే దొరికిపోయా.

అక్కా, బైక్ చైన్ కాదని అమ్మకు ఆ రోజే తెలుసు. నువ్వు పడుకున్నాక కొబ్బరినూనె తెచ్చి రాసింది. టిక్ మార్చా. శుక్రవారం ఊపిరి పరీక్ష.

మోకు అన్నా, నిన్న అమ్మకు నువ్వు రాసింది చదివి వినిపించా. తాడు తెమ్మంది. మీ బాపు లాగే వేళ్ల మధ్య జార్చి చూసింది. ఒక చోట ఆగి "ఇక్కడేంది మెత్తగుంది" అంది. అక్కడ వంచి చూస్తే నిజంగానే లోపలి పోగు దెబ్బతింది, పైకి ఏమీ కనపడదు. మూడు ఆదివారాలుగా దాని మీదే ఎక్కుతున్నాం.

బండ_మీద_బల్లి · 9:10

ఆ తాడు రేపటి నుంచి వాడొద్దు. మీ టీం అందరికీ ఇప్పుడే ఫోన్ చెయ్. సీరియస్‌గా చెప్తున్నా తమ్మీ, రేపు పొద్దున కాదు, ఇప్పుడు.

పిల్లికూతలు_తగ్గినోడు · 9:34

చేశా అన్నా. అందరికీ చెప్పా.

హన్మకొండ_అక్క · 9:50

అమ్మ ఇంకా కోర్సుకు ఒప్పుకోలేదు. ఆదివారం పాండవుల గుట్టకు తనూ వస్తానంది. పులిహోర కలుపుతుందట. ఎంతమంది వస్తున్నారో లెక్క చెప్పమంటోంది.

వాగు_దాటనోడు · 9:58

పులిహోర ఉందా, అయితే నేనూ వస్తా. వాగు లేదు కదా దారిలో?

కాజీపేట_జంక్షన్ · 10:03

నేను కింద కూర్చుంటా. ఎవరూ ఎక్కమనొద్దు.

ఇంతకూ ఆ పాడైన తాడు ఏం చేస్తారు? పారేస్తారా? మా ఊళ్లో బర్రెకు మంచి పగ్గం లేదు.

బండ_మీద_బల్లి · 10:11

ఇస్తాం అన్నా. కాకపోతే ముక్కలు కోసి ఇస్తాం, ఏదీ రెండు మీటర్లకు మించకుండా. మొత్తం తాడు అట్లాగే ఉంటే, కొత్తగానే ఉంది కదా అని ఎవడో ఒకడు నడుముకు కట్టుకుంటాడు. ఆదివారం కత్తి తెస్తా.